బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్నది వాళ్లిల్లు

ఫొటో చూపించి 'ఎలా ఉంది?' అని అడిగితే మనవాళ్ల దగ్గర వచ్చే జవాబులు మూడే. 'సూపర్ బ్రో', 'బాగుంది', ఇంకోటి 'ఏ కెమెరా?'. ఈ మూడోది మరీ అన్యాయం. పులిహోర లొట్టలేసుకుంటూ తిని, బాండీ ఏ కంపెనీది అని అడిగినట్టుంటుంది. మొదటి రెండూ వినడానికి హాయిగానే ఉంటాయి. కానీ ఆ రెండింటితో మన తర్వాతి ఫొటో ఒక్క పిసరు కూడా మెరుగుపడదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సోమవారం నుంచి శుక్రవారం దాకా నా పనిలో సగం ఇతరుల కోడ్ చూసి తప్పులు చెప్పడం, మిగతా సగం నా కోడ్‌లో వాళ్లు చెప్పిన తప్పులు దిద్దుకోవడం. ఆదివారం మాత్రం పొద్దున్నే కెమెరా భుజానేసుకుని పాతబస్తీకో, ఏదో ఒక చెరువుకో వెళ్తాను. నాతోపాటు ఇంకో పది మంది ఉంటారు. బ్యాంకు ఉద్యోగి, మందుల షాపు ఓనరు, డిగ్రీ చదివే కుర్రాళ్లిద్దరు, పక్షుల పిచ్చి ఉన్న ఓ టీచరక్క, ఇలా. మా గుంపుకి పేరంటూ ఏం లేదు. తొమ్మిదింటికల్లా ఎండ నడినెత్తికి ఎక్కకముందే ఏదో ఒక ఇరానీ హోటల్లో చేరి, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు చెప్పి, ఒక్కొక్కరం ఒక్కో ఫొటో బల్లమీద పెడతాం. అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి.

మా గుంపులో అందరికంటే పెద్దాయన్ని మేమందరం బాబాయ్ అంటాం. కరీంనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపాడు. రీలు కాలం మనిషి. ఒక రోల్‌కి 36 ఫొటోలు, ల్యాబ్ నుంచి కడిగి వచ్చేదాకా ఏం వచ్చిందో తెలియదు. 'ఫీడ్‌బ్యాక్ అంటే మీకేం ఎరుక బిడ్డా? మాకు పెండ్లి ఆల్బమ్‌ల పిల్లగాని మేనమామ ఫొటో లేదని పైసలు ఆపేద్దురు' అంటాడు. నవ్వుతూనే చెప్తాడు గానీ, ఆ మాటలో విషయముంది. ఆల్బమ్ చూసేవాళ్లకు లైటింగ్ అక్కర్లేదు, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం సరిగ్గా దొరికిందా లేదా కూడా రెండో సంగతే. మా మేనమామ ఎక్కడ? అంతే. ఎవరి కోసం తీశామో వాళ్లు ఆ ఫొటోలో ఏం వెతుకుతారో తెలియకపోతే ఎంత గొప్పగా తీసినా డబ్బులు రావు.

కోడ్ రివ్యూలో ఒక మర్యాద ఉంటుంది. 'ఇది బాలేదు' అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఏ ఫైలు, ఎన్నో లైను, ఏ ఇన్‌పుట్ ఇస్తే పగులుతుంది, ఇవి చెప్పాలి. ఫొటోకి లైన్ నంబర్లు లేవు నిజమే, కానీ మూలలున్నాయి. 'ఎడమ పక్క కింది మూలలో తెల్లగా ఏదో ఉంది, నా చూపు అక్కడికే పోతోంది' అంటే అది పనికొచ్చే మాట. 'కంపోజిషన్ వీక్‌గా ఉంది' అంటే ఏం చేసుకోవాలి? జ్వరం వచ్చినవాడికి 'నీకు ఆరోగ్యం బాలేదు' అని చెప్పినట్టే.

ఇంకోటి ఉంది. మా ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు ఓ ట్రైనింగ్‌లో నేర్పారు, ముందు ఒక పొగడ్త, మధ్యలో విమర్శ, చివర ఇంకో పొగడ్త పెట్టాలని. మొదటి నెల బానే పనిచేసింది. తర్వాత ఎవరైనా 'నీ వర్క్ చాలా బాగుంటుంది' అనగానే అందరం కుర్చీలో నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టాం, 'కానీ' ఎప్పుడొస్తుందా అని. చక్కెర పూత పూసిన మాత్ర అని తెలిశాక చక్కెర కూడా చేదుగానే ఉంటుంది. ఫొటోల దగ్గర కూడా ఇంతే. పొగడాలనిపిస్తే నిజంగా నచ్చిన చోటు పట్టుకుని పొగడండి. 'ఆ ముసలాయన కంట్లో కిటికీ వెలుగు చుక్క పడింది చూశావా, అక్కడ ప్రాణం ఉంది' అంటే, తీసినవాడు ఆ చుక్కని జీవితాంతం వెతుకుతాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి చెప్పాలి.

మా ఆఫీసులోనే టెస్టింగ్ టీమ్‌లో చేరింది. కామారెడ్డి దగ్గర ఒక ఊరు. నన్ను అన్నా అని పిలుస్తుంది. 'అన్నా, నా దగ్గర కెమెరా లేదు, ఫోనే ఉంది, రావచ్చా?' అంటే రమ్మన్నాను. రెండు ఆదివారాలు వచ్చి అందరు తీసే ఫొటోలే తీసింది, చార్మినార్, పావురాలు, లాడ్ బజార్ గాజులు. మూడో వారం ఊరెళ్లి వచ్చి, ఇంట్లో తీసిన ఫొటో పెట్టింది. వాళ్లమ్మ బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారం. సాయంత్రం వేళ. ఇంట్లో ఒక్కటే ట్యూబ్‌లైటు.

మా గుంపులో ఒకాయనున్నాడు. ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కెమెరా, సాలన్ పోటీలకు పంపే అలవాటు. ఆ పోటీల పద్ధతి ఎలా ఉంటుందంటే, జడ్జి ముందు ఫొటోలు వరసగా వెళ్తుంటాయి, ఒక్కోదానికి కొన్ని సెకన్లు, ఒక అంకె. అంతే. ఎందుకు తక్కువ వేశారో ఎవరూ చెప్పరు. ఏళ్ల తరబడి అలాంటి అంకెలు తినీ తినీ ఈయన మాట కూడా అంకెలాగే తయారైంది. ఫొటో చూసి రెండు సెకన్లలో చెప్పేశాడు. 'నాయిస్ చాలా ఉంది. వేళ్లు షేక్ అయ్యాయి. బ్యాక్‌గ్రౌండ్ అంతా చెత్త. తీసేసి ప్లెయిన్ గోడ ముందు కూర్చోబెట్టి తియ్యాల్సింది.'

బ్యాక్‌గ్రౌండ్‌లో ఏముందో చెప్తాను. గ్యాస్ సిలిండరు, దానిమీద మడత పెట్టిన దుప్పట్లు, గోడకి దేవుడి క్యాలెండరు, స్టీలు డబ్బాల వరస, కొక్కేనికి వేలాడుతున్న స్కూల్ బ్యాగు. అంటే వాళ్లిల్లు. ఆ ఇంట్లో ప్లెయిన్ గోడ లేదు.

ఆ అమ్మాయి ఏం అనలేదు. 'ఓకే సర్' అని ఫోను లోపల పెట్టేసింది. మర్నాటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఆఫీసులో కనిపిస్తే 'ఊరెళ్లాలన్నా, పనుంది' అంది.

ఆయన దుర్మార్గుడేం కాదు, ఈ మాట చెప్పకపోతే అన్యాయం. ఆయన చెప్పిన మూడింట్లో రెండు సాంకేతికంగా కరెక్టే. నాయిస్ ఉంది. వేళ్లు కదిలాయి. ఒక కామెంట్ కరెక్ట్ కావడం వేరు, అది ఎదుటి మనిషికి పనికి రావడం వేరు. మా ఆఫీసులో కూడా ఇలాంటి సీనియర్లుంటారు. వాళ్లు చెప్పేవన్నీ నిజాలే, కానీ వాళ్ల రివ్యూ కింద జూనియర్లు రెండోసారి కోడ్ పెట్టరు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కోడ్‌ని తిడితే కోడ్‌కే తగులుతుంది. అమ్మ ఫొటోలో 'చెత్త' అనే మాట ఎవరికి తగులుతుంది?

మూడో వారం బాబాయ్ ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. నా ఎదురుగానే చేశాడు కాబట్టి తెలుసు. బుజ్జగించలేదు, 'వాళ్ల మాటలు పట్టించుకోకు' లాంటివేం చెప్పలేదు. 'బిడ్డా, నీ ఫొటో మీద నా వంతు ఇంక రాలె. నేను మాట్లాడకముందే ఫోన్ లోపల పెడితివి. ఐతారం తీస్కొని రా' అన్నాడు. అంతే.

వచ్చింది. బాబాయ్ ఫొటోని ఫోన్లో కాదు, బ్యాంకాయన ట్యాబ్‌లో పెద్దది చేసి పెట్టించి, చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు: 'ఏం చూపియ్యాలనుకున్నవ్?'

ఆమె కాసేపు ఆలోచించింది. 'మా అమ్మ చెయ్యి చూడకుండా చుడతది బాబాయ్. కండ్లు టీవీల ఉంటయి. చేతులు వాటంతట అవే పోతుంటయి. రోజుకి వెయ్యి చుట్టాలె కదా. నాకు చిన్నప్పటి నుంచి అదే చిత్రంగ ఉంటది' అంది.

అప్పుడు చూశాం మేము. నిజంగానే ఆవిడ చూపు చాట మీద లేదు, ఫ్రేమ్ బయట ఎక్కడో ఉంది. ముఖం మీద టీవీ వెలుగు నీలంగా పడుతోంది. మొదటిసారి చూసినప్పుడు 'సబ్జెక్ట్ పక్కకి చూస్తోంది' అని ఒకరు తప్పు పట్టారు కూడా. ఆ అమ్మాయి చెప్పాక, ఫొటోలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే అయింది.

ఇక అక్కడి నుంచి బల్ల చుట్టూ మాట మారిపోయింది. వేళ్లు 'షేక్' కావడం తప్పన్నారు కదా, ఆమె చూపించాలనుకున్నదే ఆ కదలిక. మరయితే సమస్య ఏమిటి? వేళ్లు సగం సగం కదిలాయి. పొరపాటున కదిలినట్టున్నాయి గానీ కావాలని వదిలినట్టు లేవు. పూర్తిగా కదలనివ్వాలి. ముఖం మాత్రం నిలవాలి. ఆవిడ టీవీ చూస్తూ ఎలాగూ కదలదు.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. ఫోన్ ఆటో మోడ్‌లో ఉంటే, చీకటిగా ఉన్న గదిలో బొమ్మ కదలకుండా ఉండాలని షట్టర్‌ని వేగంగానే ఉంచి, ఆ లోటు పూడ్చడానికి ఐఎస్ఓ పెంచుతుంది. ఆ ఫొటో వివరాలు తెరిచి చూస్తే షట్టర్ 1/60, ఐఎస్ఓ 1600. ఆ ఇసక పోసినట్టున్న నాయిస్ అక్కడి నుంచే వచ్చింది. ప్రో మోడ్‌కి వెళ్లి షట్టర్ 1/8 పెడితే దాదాపు ఎనిమిది రెట్లు వెలుగు లోపలికి వస్తుంది. అప్పుడు ఐఎస్ఓ 200కి దించేసుకోవచ్చు. అంటే వేళ్లు ధారలాగా కదులుతాయి, నాయిస్ కూడా తగ్గుతుంది. కొత్త ఫోను కొనక్కర్లేదు, ప్లెయిన్ గోడ అంతకన్నా అక్కర్లేదు. చెయ్యి వణక్కుండా ఫోన్ని దేనికైనా ఆనించాలి, అంతే. ఆ ఖరీదైన కెమెరా ఆయన అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. బ్యాగులోంచి అరచేతిలో పట్టేంత చిన్న ట్రైపాడ్ తీసి బల్లమీద పెట్టి, 'ఇది తీస్కెళ్లమ్మా, మళ్లీ ఇవ్వు' అన్నాడు. సారీ లాంటివేం చెప్పలేదు. మనవాళ్లలో చాలామందికి ఆ మాట నోటితో రాదు, ఇలా చేత్తో వస్తుంది.

కదిలిపోయిన ఫొటో అంటే డిలీట్ చెయ్యాల్సిందే అనుకునేవాళ్లకి నేనొక కథ చెప్తుంటాను. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాన్ 1932లో ఫ్రాన్స్‌లోని యేర్ అనే ఊళ్లో ఒక ఫొటో తీశాడు. పైనుంచి చూస్తే మెలి తిరిగిన మెట్లు, కింద వీధిలోంచి సర్రున పోతున్న సైకిలు మనిషి. మెట్లు నిలకడగా ఉంటాయి, సైకిలు కదిలిపోయి ఉంటుంది. ప్రపంచంలో ఎంతోమంది చూసి నేర్చుకున్న ఫొటో అది. 2006లో ఒకతను దాన్ని తన ఫొటోలాగా ఫ్లికర్‌లో ఒక గ్రూపులో పెట్టాడు, పేరు కూడా మార్చి. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఓట్లేసే గ్రూపు అది. బ్లర్ ఉందని ఒకరు, క్వాలిటీ లేదని ఒకరు, తీసెయ్యమని ఓట్లేశారు. వాళ్లు మూర్ఖులని నేననను. సైకిలు ఎందుకు కదిలిపోయి ఉంది అని ఒక్కరైనా అడిగి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. బాబాయ్ అడిగిన ప్రశ్న అదే కదా.

అప్పటి నుంచి మా బల్ల దగ్గర ఒక పద్ధతి వచ్చింది. ఎవరూ కూర్చుని రాసింది కాదు, దానంతటదే కుదిరింది. ఫొటో పెట్టినవాళ్లు మొదట నోరు మూసుకోవాలి. 'అది వర్షంలో తీశాను, గంట సేపు నిలబడ్డాను' లాంటి కథలు చెప్పకూడదు, ఫొటో చూసేవాళ్లతో మనం ఎప్పుడూ పక్కన నిలబడి ఉండం కాబట్టి. చూసినవాళ్లు ముందుగా వాళ్ల చూపు ఎటు పోయిందో చెప్తారు, తీర్పు తర్వాత. అందరూ అయ్యాక తీసినవాళ్లు తమ ఉద్దేశం చెప్తారు. అప్పుడు ఆ రెండిటికీ మధ్య ఎంత దూరం ఉందో అందరికీ కనబడుతుంది. లెన్సుల ఊసెత్తితే ఆరోజు చాయ్ బిల్లు వాళ్లదే. మందుల షాపాయన ఇప్పటికి నాలుగుసార్లు కట్టాడు.

తీసుకునేవైపు నుంచి కూడా ఒక మాట. అందరూ చెప్పిందంతా చేస్తూ పోతే మన ఫొటో మనది కాకుండా పోతుంది. తెనాలి దగ్గర మా ఊళ్లో తాతయ్య అరుగుమీద కూర్చుని పేపరు చదువుతున్న ఫొటో ఒకటి పెట్టాను. ఏడుగురు చూస్తే నలుగురి చూపు తాతయ్య దగ్గరికి కాకుండా, స్తంభం పక్కనున్న నీలం ప్లాస్టిక్ బకెట్ మీదికి పోయింది. ఇది కొట్టిపారెయ్యలేని సాక్ష్యం. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నలుగురు ఒకే చోటు చూపించారంటే అక్కడేదో ఉన్నట్టే. ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. ఒకరు క్రాప్ చెయ్యమన్నారు, ఒకరు బ్లాక్ అండ్ వైట్ చెయ్యమన్నారు, డిగ్రీ కుర్రాడు 'అన్నా, ఏఐతో ఒక్క టచ్, బకెట్ మాయం' అన్నాడు. మా టీమ్‌కి యూజర్లు పంపే బగ్ రిపోర్టులు కూడా ఇలాగే ఉంటాయి. ఎక్కడ నొప్పిగా ఉందో యూజర్ చెప్పేది నూటికి తొంభైసార్లు నిజం. మందు ఏది వేసుకోవాలో చెప్పేది మాత్రం చాలాసార్లు ఊహ. నేను ఆ నీలం రంగు గాఢత ఒక్కటీ తగ్గించాను. చూపు తాతయ్య దగ్గరికి వచ్చేసింది. బకెట్ అక్కడే ఉంది. ఆయన రోజూ పొద్దున్న పేపరయ్యాక వేపమొక్కకి నీళ్లు పోసేది దాంతోనే. ఆ ఇంటి అరుగుమీద ఆ బకెట్ లేని ఫొటో నాకెందుకు?

కొన్నిసార్లు విమర్శ ఫొటో మీద కాకుండా తీసిన తీరు మీద కూడా రావాలి. అమీన్‌పూర్ చెరువు దగ్గర ఒక కుర్రాడు పిట్ట గూట్లో పిల్లలకి తిండి పెడుతున్న ఫొటో తీశాడు. కంటి మీద పదునైన ఫోకస్, చక్కటి వెలుగు. అందరూ ఆహా అంటుంటే టీచరక్క ఒక్కటే అడిగింది, 'ఎంత దగ్గరికెళ్లావు తమ్ముడూ?' అని. గూటి దగ్గర మనం నిలబడితే తల్లి రావడానికి జంకుతుంది, ఆకులు పక్కకి జరిపితే గద్దకీ కాకికీ దారి చూపినట్టే. అందుకే ప్రకృతి ఫొటోల పోటీలు చాలావాటిలో గూళ్ల ఫొటోలు తీసుకోరు. ఈ సంగతంతా ఆవిడ ఆ కుర్రాడిని పక్కకి పిలిచి, చాయ్ తాగుతూ చెప్పింది. అందరిముందూ చెప్తే వాడికి గుర్తుండేది పిట్ట కాదు, అవమానం.

అన్నట్టు, ఇంజినీరింగ్ చదివి కెమెరా పట్టుకున్నారని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లకి నా దగ్గర ఒక జవాబుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ కూడా రూర్కీలో ఇంజినీరింగే చదివాడు. ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో డ్రాయింగులు గీసుకుంటూ ఫొటోలు మొదలుపెట్టాడు. మనం మొదటివాళ్లమేం కాదు.

ఆ అమ్మాయి పోయిన నెల దసరాకి ఊరెళ్లి, స్టీలు డబ్బా మీద ట్రైపాడ్ పెట్టి మళ్లీ తీసింది. నలభైదాకా తీసిందట. మధ్యలో వాళ్లమ్మ 'ఇగ చాలు తియ్యి బిడ్డా, ఆకు ఎండిపోతాంది' అని కోప్పడింది కూడానట. అందులో రెండు కుదిరాయి. ఒకదాంట్లో ముఖం రాయిలా నిలిచి ఉంది, కళ్లల్లో టీవీ చిన్న నీలం గడిలా మెరుస్తోంది, ఒళ్లో చాట మీద చేతులున్న చోట గోధుమరంగు పొగలాంటిదేదో తిరుగుతోంది. వెనక సిలిండరు, దుప్పట్లు, క్యాలెండరు, స్కూల్ బ్యాగు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ట్యాబ్‌లో పెట్టినప్పుడు బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఖరీదైన కెమెరా ఆయన ముందుకి వంగి, 'క్యాలెండర్ మీద కొంచెం లైట్ ఎక్కువ పడింది, అక్కడ కాస్త తగ్గించుకో' అన్నాడు. ఆమె ఆ చోటు చూసి, నిజమే సర్ అంది.

వాళ్లమ్మ ఏమందని బాబాయ్ అడిగాడు.

'మొకం మంచిగనే వచ్చింది గని వేళ్లేడబోయినయే అన్నది బాబాయ్. మళ్ల తియ్యమంటున్నది, ఈసారి చేతులు ఆపి కూసుంటదట.'

బాబాయ్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. 'గది గూడ తియ్యి. ఇంట్ల గోడకు గదే పెట్టు' అన్నాడు. వచ్చే ఆదివారం గుడిమల్కాపూర్ పూల మార్కెట్, పొద్దున ఐదున్నరకి. బాబాయ్ ఈసారి షరతు పెట్టాడు, ఒక్కొక్కరికీ 36 ఫొటోలే, డిలీట్ చేసి మళ్లీ తియ్యడం లేదు.